జెట్ స్కీ పికప్ తగ్గితే ముందు చూడాల్సినవి

అందరికీ నమస్కారం. పికప్ లేదనగానే ప్లగ్గులు, ఇంజెక్టర్లు విప్పకండి. ముందు నీళ్లలో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) చూడండి. ఒడ్డున, లోడ్ లేకుండా చూసిన ఆర్‌పీఎంని నమ్మలేం.

ఆర్‌పీఎం గబగబా ఎక్కుతున్నా బండి కదలట్లేదంటే ఇంజిన్ బాగానే ఉంది, తప్పు నీళ్లను వెనక్కి చిమ్మి బండిని తోసే పంపులో ఉంది. ఇంజిన్ ఆపి, లాన్యార్డ్ (సేఫ్టీ కీ తాడు) తీసేశాకే, అడుగున నీళ్లు లాగే ఇన్‌టేక్ జాలీలో చెయ్యి పెట్టాలి. నాచు, తాడు, ప్లాస్టిక్ కవరు ఏది చుట్టుకున్నా ఇంపెల్లర్‌కి (పంపులో తిరిగే రెక్కల చక్రం) నీళ్లు సరిగా అందవు. జాలీ శుభ్రంగా ఉంటే ఇంపెల్లర్ అంచుకీ దాని చుట్టూ ఉండే వేర్ రింగుకీ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) నాలుగు వైపులా కొలవండి. పరిమితి మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. అర మిల్లీమీటరు దాటిందంటే మాత్రం అనుమానించాల్సిందే. లోతు లేని చోట స్టార్ట్ చేస్తే ఇసుక లోపలికి పోయి రింగును అరగదీస్తుంది. మన దగ్గర సగం కేసులు ఇవే.

ఆర్‌పీఎం అసలు ఎక్కకపోతే డిస్‌ప్లేలో ఎర్రర్ కోడ్, లింప్ మోడ్ (లోపం కనిపిస్తే ఇంజిన్ తనంతట తానే వేగం తగ్గించుకోవడం) చూడండి. సీ-డూ కంపెనీ బండి అయితే లర్నింగ్ కీ (కొత్తవాళ్ల కోసం వేగాన్ని తగ్గించే కీ) పెట్టారేమో కూడా! తర్వాత ప్లగ్గులు, ఫ్యూయల్ ప్రెషర్, చివరగా కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడండి. పాత టూ-స్ట్రోక్ సీ-డూల్లో బూడిదరంగు పెట్రోల్ పైపులు లోపల కరిగి కార్బురేటర్ ఫిల్టర్లను మూసేస్తాయి, పైపులన్నీ మార్చండి. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది) ఉన్న మోడళ్లలో దాని క్లచ్ జారుతోందేమో చూడాలి.

ఒడ్డున నీళ్ల హోస్ తగిలించి ఇంజిన్ నడిపేటప్పుడు ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, తర్వాత నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి, తర్వాత ఇంజిన్ ఆపాలి.