గది ఇచ్చారు, మనిషిని కూడా ఇవ్వండి: ఒడిశా విద్యా మంత్రి గారికి బహిరంగ లేఖ

ఒడిశా పాఠశాల, సామూహిక విద్యా శాఖ మంత్రి గారికి,

పర్లాకిమిడి నుంచి నమస్కారాలు.

మాది గజపతి జిల్లా. మహేంద్రతనయ ఒడ్డున ఉంటాం. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. ఊళ్లో జిరాక్స్, నెట్ దుకాణం నడుపుతున్నాను. ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను, ఒడియా ప్రతి కలెక్టరాఫీసులో ఇస్తాను. నేను రాస్తున్నది హైస్కూలు లైబ్రరీల గురించి, అసలు చెప్పాలంటే వాటిలో లేని లైబ్రేరియన్ల గురించి.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కదా, గిడుగు రామమూర్తి గారి మీద ప్రాజెక్టు చేయమన్నారట. పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి ఫోన్ చూపించి ప్రింటు తీయమన్నారు. అందరి దగ్గరా ఒకటే పేజీ. ఏఐ యాప్ రాసిచ్చింది. ఆయన పర్లాకిమిడిలో పుట్టారని ఉంది అందులో. ఆయన పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. 1880లో ఇక్కడికి బడిపంతులుగా వచ్చారు. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఇన్నేళ్లు ఇక్కడ బతికిన మనిషి గురించి ఇక్కడి పిల్లల చేతికే తప్పు వచ్చింది. ఒకమ్మాయికి ఆ మాట చెప్తే, "అదేటంకుల్, ఫోన్లోనే ఉంది కదా!" అంది.

ఆ పిల్లను ఏమని తప్పు పడతాం? ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఇంకో చోట ఏముంది అని వెతకడం నేర్పే మనిషి బళ్లో లేడు. ఒడియా సారు ఒడియా చెప్తారు, సైన్సు మేడం సైన్సు చెప్తారు. వెతకడం ఎవరి సబ్జెక్టూ కాదు. లైబ్రేరియన్ పని అదే. పుస్తకం ఇచ్చి సంతకం తీసుకోవడం అందులో చిన్న ముక్క మాత్రమే.

ఇది ప్రాజెక్టులతో పోయే సంగతి కాదు. మా ఇళ్లలో చదువు రాని అమ్మమ్మకి, నాన్నకి ఫోన్లో వచ్చినది చదివి చెప్పేది ఈ పిల్లలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను ఊడ్చేసింది. బరఘరాలో కొండచరియలు పడి మనుషులు పోయారు. రేపు ఇంకో తుపాను వస్తే, వాతావరణ శాఖ బులెటిన్ ఏదో, పాత వీడియోకి కొత్త తేదీ అంటించి తిప్పుతున్నది ఏదో ఇంట్లో తేల్చి చెప్పాల్సింది ఎవరు? తొమ్మిదో తరగతి పిల్లాడు. పనుల సంగతీ అంతే. పక్క జిల్లా గంజాం కుర్రాళ్లు సూరత్ మగ్గాల మీదికి వెళ్లడం అందరికీ తెలిసిందే. మా వాళ్లు హైదరాబాదు, కేరళ వెళ్తారు. బయోడేటా ప్రింటుకి నా దగ్గరికే వస్తారు, ఉద్యోగం ఇస్తామని వచ్చిన మెసేజీ కూడా చూపిస్తారు. ముందు డిపాజిట్ కట్టమని ఉంటుంది, కంపెనీ అడ్రసు మాత్రం ఉండదు. ఆ మెసేజీనే పట్టుకుని కూర్చోకుండా దాన్ని వదిలి బయట ఆ కంపెనీ పేరు వెతకాలని, ఆ నంబరు ఎవరిదో చూడాలని బళ్లో ఒక్క పీరియడ్ చెప్పి ఉంటే ఎన్నో ఇళ్ల డబ్బు మిగిలేది. రాబోయే కాలంలో ఏ ఉద్యోగాలుంటాయో నాకైతే తెలియదు. ఏ ఉద్యోగమైనా ఈ పరీక్ష తప్పదు.

మీ ప్రభుత్వానికి ముందున్న ప్రభుత్వం హైస్కూళ్లకు స్మార్ట్ క్లాసులు, ఈ-లైబ్రరీలు ఇచ్చింది. మంచి పనే. కేంద్రం బడుల పథకం సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు కూడా వస్తుంది. మరి గదులు ఎందుకు మూసి ఉంటున్నాయి? నేను చూసిన ఒక బడిలో లైబ్రరీ తాళం లెక్కల మాస్టారి దగ్గర ఉంటుంది. ఆయన బద్ధకస్తుడేమీ కాదు. స్టాకు రిజిస్టరులో ఒక పుస్తకం తగ్గితే జీతంలోంచి కట్టాలేమోనని ఆయన భయం. బీరువా తెరవకపోతే ఏదీ పోదు!

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017) 215వ నియమం ఏమంటుందో చూడండి. మోసం, నిర్లక్ష్యం లేనప్పుడు, ఏడాదిలో ఇచ్చిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోయినా సమంజసమే అంటుంది. అదే మాట మన బడుల కోసం మీ శాఖ కాగితం మీద పెట్టి, ప్రతి హెడ్‌మాస్టరుకీ పంపాలి.

ఇక పోస్టులు. లైబ్రరీ సైన్సు చదివిన వాళ్లు ఇక్కడ లేక కాదు. ఎక్కడ నోటిఫికేషన్ పడినా నా దుకాణంలోనే అప్లికేషన్లు నింపుతున్నారు. బడికొకరు కుదరదంటే గజపతి, రాయగడ జిల్లాల్లో ముందు బ్లాకుకి ఒకరిని వేయండి, వారానికో రోజు చొప్పున బడులు తిరుగుతారు. అయితే వాళ్ల పీరియడ్ టైం టేబుల్లో ఉండాలి. ఎన్నికల డ్యూటీ, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆధార్ ఎంట్రీలు వాళ్లకి అంటగట్టొద్దు. అలా చేస్తే పోస్టు ఉన్నా లేనట్టే.

పుస్తకాల గురించి ఒక్క మాట. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కొండమీది పిల్లలైతే సవర కూడా. మాతృభాషలో ప్రాథమిక విద్యకి రాజ్యాంగం 350ఎ అధికరణ ఉంది, కానీ ఆరో తరగతికి రాగానే ఆ భాష బీరువాలో కనబడదు. గ్రాంటులో కొంత తెలుగు, సవర పుస్తకాలకి కేటాయించండి. ఖర్చెక్కువంటారా, స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు, ఒడియా కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి కుట్టుకోవచ్చు. (నా దుకాణంలోనే తీయక్కర్లేదు లెండి.) ఒకే కథ రెండు భాషల్లో పక్కపక్కన పెట్టి చదివించే మనిషి ఉంటే, మాట మార్చినప్పుడు అర్థం ఎక్కడ జారిపోతుందో పిల్లలే పట్టుకుంటారు. ఏఐ చేసిన అనువాదాన్ని నమ్మాలా వద్దా అన్నది కూడా అలాగే తెలుస్తుంది.

పోస్టులకు ఆర్థిక శాఖ అనుమతి కావాలంటారు, ఆలస్యమవుతుందని తెలుసు. పోయిన పుస్తకాల సర్క్యులర్‌కి మాత్రం మీ సంతకం చాలు. ఈ వేసవి సెలవుల్లోగా అది పంపించండి.

ఇట్లు,
పర్లాకిమిడి జిరాక్స్ దుకాణదారు, ఎనిమిదో తరగతి పిల్ల తండ్రి