భీముడు బతికాడు పంతులూ

ప్రియమైన పంతులుకి,

నీ ఉత్తరం అందిన రోజున మా వాకిట్లో మోకాలి లోతు మంచు ఉంది. జవాబు రాయడానికి కూర్చున్న ఈ తెల్లవారుజామున కిటికీలన్నీ తెరిచి పెట్టినా గాలి ఆడటం లేదు. ఇంత ఆలస్యం చేసినందుకు నన్ను క్షమించు. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ పలకరింపు దాటి ముందుకు సాగలేదు. మేమందరం క్షేమంగా ఉన్నాము. పెద్దమ్మాయి పరీక్షలు ముగిశాయి, మా ఆవిడకు మోకాలి నొప్పి తగ్గింది, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. ఇక అసలు సంగతికి వస్తాను. పది రోజులుగా దీన్ని నీకు చెప్పకుండా నాకు నిద్ర పట్టడం లేదు.

పది రోజుల క్రితం మా సెయింట్ బెర్నార్డ్ కుక్క భీముడు చావుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. వాడు ఈ క్షణంలో నా కుర్చీ కింద గురక పెడుతూ పడుకుని ఉన్నాడంటే, అది నువ్వు శీతకాలంలో మా ఇంటికి వచ్చినప్పుడు అన్న ఒక్క మాట వల్లనే.

ఆ సాయంత్రం ఎండ లేదు. మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టి ఉంది, వేడి 28 డిగ్రీలకు మించి లేదు. అందుకే ధైర్యంగా భీముణ్ణీ, మా రెండో కుక్క వెన్నెలనూ బయటికి తీసుకువెళ్ళాము. నేను లెక్కలోకి తీసుకోనిది గాలిలోని తేమ. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రమే కాస్త పడుతుంది. నోరు తెరిచి రొప్పుతూ నాలుక మీది తడిని ఆవిరి చేసుకోవడమే దానికి ప్రధానమైన ఆధారం. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆ తడి ఆరదు, ఎంత రొప్పినా ఒళ్ళు చల్లబడదు, పైగా ఆ రొప్పే శ్రమకే వేడి ఇంకా పెరుగుతుంది. ఉక్కపోతలో మనకే చెమట ఆరదని తెలిసిన నాకు, ఆ జంతువు సంగతి ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

వెన్నెల తెలివైనది. నాలుగు అడుగులు వేసి గోడ నీడన కూలబడి, ఇక రానని మొరాయించింది. భీముడి స్వభావం నీకు తెలుసు కదా, వాడు మనిషిని వదిలిపెట్టడు. పెద్దమ్మాయి బంతి విసిరితే మూడుసార్లు తెచ్చి ఇచ్చాడు. నాలుగోసారి బంతి వైపు చూసి ఊరుకున్నాడు. ఇంటికి తిరిగి వస్తుండగా దారి మధ్యలో కాళ్ళు తడబడి పక్కకు ఒరిగిపోయాడు. నాలుక చివర వెడల్పై గరిటెలా వేలాడుతోంది, చొంగ జిగురులా సాగుతోంది, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు నా వైపు తిరగలేదు. పెద్దమ్మాయి ముఖం అప్పుడు... వద్దులే, అది కలిసినప్పుడు చెబుతాను.

72 కిలోల కుక్కను ఒక్కడినీ ఎలా ఎత్తను? ముందుగా నాకు తోచినది కారు తెచ్చి ఎలాగైనా ఆసుపత్రికి పరుగెత్తాలని. సరిగ్గా అప్పుడే నీ గొంతు వినిపించింది. ఆ మంచు రాత్రి పొయ్యి పక్కన కూర్చుని, భీముడి కాలివేళ్ళ సందుల్లో బొచ్చుకు పట్టుకున్న మంచు ఉండలను గోరువెచ్చని నీళ్ళతో కరిగిస్తూ, "వీళ్ళకు చలి కాదు శత్రువు, ఎండ. ఎప్పుడైనా వడదెబ్బ తగిలితే ముందు చల్లార్చు, ఆ తరువాతే బండి ఎక్కించు" అన్నావు. అప్పుడు నేను సగమే విన్నాను. నా చెవి అంతా నీ మంచు ఉండల లెక్క మీద ఉంది. అది ఎనభై ఆరు దగ్గర ఎందుకు ఆగిందో మన ఇద్దరికే తెలుసు!

పక్క ఇంటివారి తోటలో నీళ్ళ పైపు ఉంది. అడగకుండానే గేటు తెరిచి లాక్కువచ్చాను. పొద్దుటి ఎండకు కాగిన నీళ్ళు ముందు వేడిగా వచ్చాయి, చల్లని ధార వచ్చేదాకా నేల మీదికి వదిలాను. ఆ కొద్దిసేపూ ఒక పూటలా గడిచింది. తరువాత వీపు మీద పోశాను గాని, నీళ్ళు తామరాకు మీద జారినట్టు పైబొచ్చు మీదుగా జారిపోయాయి. ఒక నిమిషం పోసి బొచ్చును వేళ్ళతో విడదీసి చూస్తే లోపల చర్మం పొడిగా, కుంపటిలా కాలుతోంది. మంచును, వానను లోపలికి రానీయని ఆ కవచమే ఇప్పుడు నేను పోసే నీళ్ళనూ రానీయలేదు. అప్పుడు వాణ్ణి కొంచెం దొర్లించి, బొచ్చు పలచగా ఉండే పొట్ట మీద, చంకల్లో, తొడల సందుల్లో పోయడం మొదలుపెట్టాను. వీపు మీద పాయలు పాయలుగా విడదీస్తూ చర్మానికి తగిలేలా మా ఆవిడ పోసింది. పెద్దమ్మాయి ఏడుస్తూనే అట్టముక్కతో విసిరింది. ఎవరో తడి దుప్పటి తెచ్చి కప్పబోయారు, నేను వద్దన్నాను. కప్పితే వేడి లోపలే ఉండిపోతుందని, నీళ్ళూ గాలీ రెండూ తగలాలని నువ్వే చెప్పావు. కాసేపటికి వాడు తల ఎత్తి నీళ్ళ ధార వైపు నాలుక చాచాడు. పంతులూ, ఆ నాలుకను చూసిన క్షణం నా జన్మలో మరచిపోను.

నలుగురం కలిసి దుప్పటిలో మోసి కారెక్కించాము, ఏసీ పూర్తిగా పెట్టాము. ఆసుపత్రిలో చూసేసరికి వాడి ఒంటి వేడి 40.4 డిగ్రీల సెల్సియస్ ఉంది. కుక్కకు 38.3 నుంచి 39.2 వరకు మామూలు. చల్లార్చకుండా తెచ్చి ఉంటే అది 41 దాటి, పేగులు, మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే శక్తి అన్నీ దెబ్బతిని ఉండేవని డాక్టరు గారు చెప్పారు. 39.4కు దిగగానే తడపడం ఆపించారు. ఆ తరువాత కూడా చల్లారుస్తూ పోతే ఒళ్ళు మరీ చల్లబడిపోతుందట. రెండు రోజులు సెలైన్ ఎక్కిస్తూ, పూటపూటా రక్తం పరీక్షిస్తూ అక్కడే ఉంచారు. మూడో రోజు తోక ఊపుకుంటూ ఇంటికి వచ్చాడు.

ఇప్పుడు నీకు చెప్పడానికి కష్టంగా ఉన్న మాట. వాడు ఆసుపత్రిలో ఉన్న మొదటి రాత్రి నేను క్షవరం మిషను తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ఈ బొచ్చే వాణ్ణి చంపబోయిందని, ఇంటికి రాగానే మొత్తం గొరిగేయాలని నిశ్చయించుకున్నాను. డాక్టరు గారు నన్ను ఆపి, వాడి నడుము దగ్గర బొచ్చును విడదీసి చూపించారు. లోపల శీతకాలపు నూగు రాలకుండా, ముద్దలుగా, అట్టలు కట్టి ఉంది. చర్మానికి గాలి చేరే దారే లేదు. పైనున్న పొడుగాటి బొచ్చు ఎండ సూటిగా చర్మానికి తగలకుండా కాపాడుతుందనీ, గొరిగితే చర్మం కమిలిపోతుందనీ, తిరిగి వచ్చేటప్పుడు లోపలి నూగు ముందుగా ఎదిగి పైబొచ్చు వెనకబడి, ఒక్కోసారి మునుపటిలా రానే రాదనీ ఆయన చెప్పారు. తీయవలసినది పైబొచ్చు కాదు, ఆ చచ్చిన నూగు. వసంతంలో వెన్నెలకు దువ్వించుకోవడం ఇష్టం కాబట్టి రోజూ దువ్వాను. భీముడు దువ్వెన చూస్తే పారిపోతాడని, పని ఒత్తిడి అని, రేపు అని, ఎల్లుండి అని వదిలేశాను. తప్పు బొచ్చుది కాదు, నాది.

వాడు కోలుకున్నాక మూడు సాయంత్రాలు కూర్చుని దువ్వాను. చర్మం మొదలు నుంచి పాయ పాయగా తీస్తుంటే రెండు గోనెసంచులు నిండాయి. నువ్వు చూస్తే మూడో కుక్కను తెచ్చామనుకునేవాడివి. ఇప్పుడు ఊదితే చర్మం కనిపిస్తోంది. బరువు కూడా పది కిలోలు తగ్గించమన్నారు. ఆ రోజు నువ్వు చెప్పిన బారీ కథ గుర్తుకు వచ్చింది. 1800లో పుట్టి, ఆల్ప్స్‌లో 2,469 మీటర్ల ఎత్తున ఉన్న సెయింట్ బెర్నార్డ్ కనుమలో నలభై మందికి పైగా కాపాడాడని చెప్పుకునే ఆ కుక్క బరువు 40, 45 కిలోలేనట. 1830 ప్రాంతంలో అక్కడి సన్యాసులు న్యూఫౌండ్‌లాండ్ కుక్కలతో సంకరం చేస్తే పొడుగు బొచ్చు వచ్చిందనీ, దానికి మంచు గడ్డకట్టి బరువెక్కి అవి ఆ పనికి పనికిరాలేదనీ, కింది లోయల్లోని వారికి ఇచ్చేశారనీ నువ్వు చెబుతుంటే, ఆ ఎనభై ఆరు ఉండలను లెక్కపెడుతూ విన్నాను. మా భీముడు ఆ లోయ బంధువుల సంతానమే అన్నమాట. మంచుకే కొంచెం ఇబ్బందిపడే ఆ బొచ్చుతో మండే కాలాన్ని కూడా దాటవలసి రావడం వాడు కోరుకున్నది కాదు. కోరి తెచ్చుకున్నది మనం.

జనవరిలో తెల్లారి తలుపు తీస్తే ఇద్దరూ మంచులో ముడుచుకుని పడుకుని ఉండేవారు, వీపుల మీద నాలుగు వేళ్ళ మందాన మంచు కరగకుండా నిలిచి ఉండేది. లోపలి వేడి ఒక్క పిసరు బయటికి పోవడం లేదనడానికి అంతకన్నా సాక్ష్యం లేదు. అది చూసి మురిసిపోయేవాడిని. పోనివ్వని వేడి వేసవిలో ఏమవుతుందో ఆలోచించి ఉంటే...

ఇప్పుడు మా ఇంటి గడియారమే మారిపోయింది. తెల్లవారకముందు ఒకసారి, బాగా చీకటి పడ్డాక ఒకసారి తప్ప నడక లేదు. తారు రోడ్డు మీద అరచేయి వెనకవైపు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే వెనక్కి తిరగడమే. పగలంతా చలువరాతి నేల మీద ఫ్యాను కింద పడుకుంటారు. వెన్నెల మాత్రం గోడ నీడన తన గొయ్యి తాను తవ్వుకుని చల్లటి మట్టిలో పొట్ట ఆనించి పడుకుంటుంది, దాన్ని నేను ఇక పూడ్చను. పెరట్లో పెద్ద తొట్టి నిండా నీళ్ళు ఉంచాము. భీముడు అందులో ముందరి కాళ్ళు రెండూ పెట్టి, నువ్వు ఆ నీలం గొడుగు కింద నిలబడ్డట్టే నిలబడతాడు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

నిన్ను ఇంకా రెండు విషయాలు అడగాలి, ఒకటి థర్మామీటరు సంగతి, రెండోది వచ్చే శీతకాలం ముందు వాడి వేళ్ళ సందుల బొచ్చు ఎంతవరకు కత్తిరించవచ్చో... భీముడు లేచి నా మోకాలి మీద తల పెట్టాడు. నాలుగున్నర అయింది, తూర్పు తెలుపు ఎక్కకముందే తిరిగి రావాలి. వెన్నెల అప్పుడే తలుపు దగ్గర నిలబడి ఉంది. ఉంటాను.

నీ
నేస్తం