ప్రోబ్ పట్టుకునే చెయ్యి

కాకినాడ

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో "భుజం లాగేస్తోందిరా, వయసొస్తోంది కదా" అని తేలిగ్గా కొట్టిపారేశావు. వయసు కాదురా, నీ స్కానింగ్ గదే నీ భుజం పాడుచేస్తోంది. ఫోన్‌లో చెబితే పేషెంట్ వచ్చారని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

పోయినసారి రాజమండ్రి వచ్చినప్పుడు నీ వెనక కూర్చుని నిన్నే గమనించాను. స్కాన్‌కి వచ్చినావిడ మంచానికి అవతలి అంచున పడుకుంది. ఇటు జరగమ్మా అనడానికి నీకు మొహమాటం. చెయ్యి గాల్లో చాపి, మోచేతికి ఏ ఆసరా లేకుండా, ఒంటి మీద ఆనించి స్కాన్ తీసే ఆ ప్రోబ్‌ని నొక్కుతున్నావు. జెల్‌కి అది జారుతుంటే గోళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నావు. వైరేమో కిందికి వేలాడుతూ మణికట్టుని లాగుతోంది. బయట నీళ్లు తాగి, ఉగ్గబట్టుకుని కూర్చున్నవాళ్లు "ఇంకెంతసేపండీ" అంటుంటే చెయ్యి విదిలించుకోకుండానే తర్వాతి పేరు పిలిచావు.

చెయ్యి ఒంటికి 30 డిగ్రీలు దాటి పక్కకి లేచి అలాగే ఉండిపోతే భుజం కండరానికి రక్తం సరిగా అందదు. ఒక్క స్కాన్‌కి ఏమీ కాదు. రోజంతా, ఏళ్లకేళ్లు అదే పనైతే కండరాన్ని ఎముకకి కలిపే టెండన్ దెబ్బతింటుంది. నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ అలాగే కూర్చుంటే ఏం లాభం చెప్పు? పోనీ ఇంకొకరికి అప్పగిద్దామా అంటే, కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదన్న 1994 చట్టం ప్రకారం గర్భిణుల స్కాన్ అర్హత ఉన్న డాక్టరే చెయ్యాలి. అమెరికాలో స్కాన్లు తీసే టెక్నీషియన్లు, అదే సోనోగ్రాఫర్లు, పడే శ్రమంతా ఇక్కడ నీ చేతి మీదే పడుతోంది.

ముందు పేషెంట్‌ని నీ వైపు అంచుకి జరిపించు. మొహమాటపడకు, వాళ్లేం అనుకోరు. మోచేతి కింద మడతపెట్టిన టవల్ పెట్టుకో. వైరుని ముంజేతి మీదుగా వేసుకో. ప్రోబ్ పట్టుకునే చోట అంటిన జెల్ ఎప్పటికప్పుడు తుడిచెయ్. పైసా ఖర్చు లేని పని, పట్టు ఎంత వదులవుతుందో నీకే తెలుస్తుంది. మానిటర్ మెడ తిప్పక్కర్లేకుండా ఎదురుగా ఉండాలి. కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే పెద్ద టిఫా స్కాన్లు వరసగా పెట్టకుండా మధ్యలో థైరాయిడ్ లాంటి చిన్నవి వెయ్యమని రిసెప్షన్‌లో చెప్పు.

ఇంకోటి, నా దగ్గర దాచకు. రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా? అలాగైతే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ అయ్యుండొచ్చు. మొదట్లోనే రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉండేలా స్ప్లింట్ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఆలస్యమైతే బొటనవేలి కింది కండ కరిగిపోయే ప్రమాదం ఉంది. నా దగ్గరికి వచ్చే నర్సులు కూడా ఇంతే, పట్టు జారి చేతిలో వస్తువులు కిందపడేదాకా చెప్పరు. నువ్వూ అలా చేస్తే ఊరుకోను.

శనివారం సాయంత్రం వస్తున్నా. నీ స్కాన్లయ్యాక ఆ మంచం, మానిటర్ ఇద్దరం కలిసి సర్దుదాం. ఈలోపు నువ్వు స్కాన్ చేస్తుండగా పక్కనుంచి, పేషెంట్ కనపడకుండా, నీ భుజం ఒక్కటి వీడియో తీయించి పంపు.

నీ
రవి