అమరావతి రాళ్ళు వాన రోజుకే

లండన్,
సెప్టెంబరు 20

అమ్మకూ నాన్నగారికీ నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. "అక్కడ రోజూ వానేనట కదా, అంత దూరం వచ్చి ఇంట్లో కూర్చోవడమేనా" అని అమ్మ దిగులు పడుతోంది. ఫోన్లో చెప్పిన మాట నిలవదు కనుక వాన రోజున మ్యూజియాలు ఎలా చూడాలో కాగితం మీద పెడుతున్నాను. దీన్ని సంచిలో వేసుకుని రండి.

లండన్‌లో ఏడాదంతా కలిపి కురిసేది 600 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. హైదరాబాదులో ఇంతకంటే ఎక్కువే పడుతుంది. కాకపోతే ఇక్కడ ఆ కాసిని నీళ్ళే వందకు పైగా రోజుల్లో తుంపరగా రాలతాయి. మన దగ్గరిలా ఓ గంట దంచికొట్టి వెలిసిపోదు. తగ్గాక బయల్దేరదామని కిటికీ దగ్గర కూర్చుంటే ఆ రోజు అయిపోయినట్టే. పైగా అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. అందుకని వాన రోజున పొద్దున్నే కదిలి, మ్యూజియం తలుపు తీసే పదింటికల్లా అక్కడ ఉండాలి. పదకొండు దాటిందంటే ఊరందరికీ అదే ఆలోచన వస్తుంది. వరుస బయటే ఉంటుంది కాబట్టి తడుస్తూ నిలబడాలి.

మొదటి వాన రోజుకు సౌత్ కెన్సింగ్టన్. ఆ స్టేషన్ నుంచి మ్యూజియాల వైపు భూమి లోపలే నడిచే సొరంగం ఉంది, 1885లో తెరిచారు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోకి ఆ సొరంగంలోంచే ద్వారం ఉంది, ఒక్క చినుకు మీద పడదు. సైన్స్ మ్యూజియానికీ నేచురల్ హిస్టరీకీ అయితే చివర్లో నాలుగడుగులు బయట వేయాలి. స్టేషన్లో మెట్లు మాత్రం తప్పవు, అమ్మ మోకాళ్ళు చూసుకుని నెమ్మదిగా దిగాలి. మూడూ ఒక్కరోజే చూసేద్దామని నాన్నగారు అంటారు, వద్దు. రెండు గంటలు దాటితే కాళ్ళకంటే ముందు కళ్ళు అలిసిపోతాయి, ఆ తర్వాత చూసిందేదీ గుర్తుండదు. నాన్నగారికి సైన్స్ మ్యూజియం చాలు: 1969 మేలో మనుషులతో చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన అపోలో 10 క్యాప్సూల్ అక్కడే ఉంది. మనం తెచ్చుకున్న డబ్బా విప్పుకుని తినడానికీ అక్కడ చోటిస్తారు, పులిహోర పనికొస్తుంది. అక్టోబరు చివరి వారంలో బడులకు సెలవులు, ఆ వారం నేచురల్ హిస్టరీలో డైనోసార్ల వైపు పోనే వద్దు.

అసలు చెప్పాలనుకున్నది బ్రిటిష్ మ్యూజియం గురించి. అక్కడ 33ఎ అని ఒక గది ఉంది. అందులో ఉన్నవన్నీ మన అమరావతి స్తూపం రాళ్ళే. 1845లో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసు చేర్చాడు. 1859లో వాటిని ఓడల్లో ఇక్కడికి తెచ్చారు, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. పల్నాటి సున్నపురాయి తేమకు తట్టుకోదు. అందుకే అద్దాల గోడ కట్టి, లోపలి గాలిని అదుపులో ఉంచుతారు. బయట చిత్తడిగా ఉన్న రోజున ఆ గదిలో నిలబడితే ఆ జాగ్రత్త ఎందుకో ఇట్టే తెలుస్తుంది.

అన్నీ చూడాలని తిరగకండి. రెండు రాళ్ళు చాలు. ఒకటి బుద్ధుడి పాదాలు: మనిషి రూపం చెక్కని కాలంలో పాదముద్రలే ఆయనకు గుర్తు, అరికాళ్ళలో చక్రాలు చూడండి. రెండోది రెండువైపులా చెక్కిన పలక. ఒక పక్క క్రీస్తు పూర్వపు పని: చెట్టు, ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. క్రీ.శ. 3వ శతాబ్దం నాటికి అదే రాయిని తిప్పి వెనక వైపు ఏకంగా స్తూపాన్నే చెక్కారు. ఈ రోజు అమరావతిలో మిగిలింది దిబ్బే కాబట్టి, ఆ స్తూపం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యాల్లో ఇది ముఖ్యమైనది. ఎదురుగా నిలబడితే అద్దంలో మన మొహాలే కనిపిస్తాయి. ఓ పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే లోతు తక్కువ చెక్కడం కూడా తేలుతుంది. ఫ్లాష్ వాడకండి.

ప్రవేశం ఉచితం. అయినా ముందురోజు రాత్రే వెబ్‌సైట్‌లో సమయం ఎంచుకుని ఉచిత టికెట్ తీసుకోవడం మేలు. అదే వెబ్‌సైట్‌లో మూసిన గదుల జాబితా ఉంటుంది, 33వ గది, దాన్ని ఆనుకున్న 33ఎ అందులో లేవని చూసుకున్నాకే బయల్దేరాలి. గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తారు, చక్రాల సూట్‌కేసును అసలు రానివ్వరు. వెనక మాంటేగ్ ప్లేస్ వైపు ద్వారం తెరిచి ఉంటే అటే రండి, ఈ గదులకు అదే దగ్గర. అమ్మ నడవలేననుకుంటే మొహమాటపడకుండా చక్రాల కుర్చీ అడగండి, డబ్బు తీసుకోరు.

ఇంకా ఓపిక ఉంటే తిరుగు దారిలో 9వ నంబరు బస్సు పైఅంతస్తు. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి హైడ్ పార్క్ అంచున ఆల్బర్ట్ హాల్ మీదుగా పోతుంది. తడిసిన జనం ఎక్కేసరికి అద్దాలకు ఆవిరి పడుతుంది, తుడుచుకోవడానికి చేతిలో రుమాలు ఉండాలి. బస్సులో నోట్లు, చిల్లర తీసుకోరు. చార్జీ కట్టడానికి బస్సులోని యంత్రానికి తాకించే కార్డు ఇద్దరికీ చెరొకటి కావాలి, ఒకే కార్డు రెండుసార్లు తాకిస్తే కుదరదు. మొదటిసారి తాకించిన గంటలోపు ఎక్కే బస్సులన్నిటికీ కలిపి ఒక్క చార్జీయే.

ఇక సర్దుకోవడం. పెద్ద గొడుగు తేవద్దు, ఇక్కడి గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు. లోపల హీటర్లతో వెచ్చగా ఉంటుంది కాబట్టి ఒకే మందపాటి స్వెటర్ కంటే పల్చటివి రెండు నయం, ఒకటి విప్పి చేత పట్టుకోవచ్చు. అమ్మ చెప్పుల్లో సాక్సులు తొడుక్కుంటే పది నిమిషాల్లో తడిసి ముద్దవుతాయి, అందుకని మూసి ఉండే బూట్లు, అడుగు జారనివి కొనిపెట్టండి. చీర అంచు చీలమండ పైకి కట్టుకోవాలి. చేతి సంచిలో ఒక జత పొడి సాక్సులు, తడి కోటు పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ కవరు.

బూట్ల కొలత ఇంట్లో తొడుక్కుని, సాక్సులతోనే చూసి కొనండి.

ఇట్లు,
మీ అమ్మాయి