గుడి వెనక సందు మూసివేత: విరాళాల కోసం ఆలయ కమిటీ విజ్ఞప్తి

భక్తులకు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరికీ నమస్కారం.

గుడి వెనక గోడకు ఆనుకుని ఉన్న సందు గురించి ఈ విజ్ఞప్తి. ఒకప్పుడు రెండు వీధులను కలిపిన దారి అది. పక్కన పెద్ద రోడ్డు పడ్డాక నడిచేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడక్కడ ముళ్లకంప, పగిలిన సీసాలు, కదలని మురుగు. ప్రదక్షిణ చేసేవాళ్లు గర్భగుడి వెనక్కి రాగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. చీకటి పడితే ఆడపిల్లలు అటు రావాలంటేనే టెన్షన్ పడుతున్నారు.

"ఎవరూ నడవని సందే కదా, రెండు చివర్లా గోడ కట్టేస్తే పోలా?" అని చాలామంది అడిగారు. కమిటీలోనూ ఆ మాట వచ్చింది. వద్దనుకున్నాం. నడవడం మానేసినంత మాత్రాన దారి మీద జనానికి ఉన్న హక్కు పోదు. ఒకసారి ప్రజల బాట అయ్యాక అది ఎప్పటికీ ప్రజల బాటే అని న్యాయశాస్త్రంలో పాత సూత్రం ఒకటి ఉంది. దాన్ని మూసే అధికారం చట్టం ఎవరికిచ్చిందో వాళ్లే ఉత్తర్వు ఇవ్వాలి. గుడి పేరు చెప్పి జానెడు జాగా కలుపుకున్నా అది ఆక్రమణే. స్వామి ముందు నిలబడి ఆ పని చెయ్యలేం.

అందుకే అధికారుల అనుమతితోనే సందు మూయించాలనుకున్నాం. అలా పద్ధతిగా చెయ్యాలంటే ఖర్చవుతుంది. సర్వేయర్‌తో కొలిపించి పటం గీయించాలి. చుట్టూ ఉన్న ఇళ్ల దస్తావేజుల్లో హద్దుల దగ్గర ఈ సందు ఉంటుంది కాబట్టి ఆ యజమానులందరికీ నోటీసులు వెళ్లాలి. బహిరంగ ప్రకటన వెయ్యాలి, అభ్యంతరాలకు గడువివ్వాలి, విచారణకు హాజరవ్వాలి. ఇవన్నీ ఒక ఎత్తు, నేల కింద ఉన్నది ఒక ఎత్తు. సందు పొడవునా మురుగు పైపు పోతోంది, మధ్యలో 2 మ్యాన్‌హోళ్లు ఉన్నాయి. దారి మూసినా పైపు అక్కడే ఉంటుంది, రిపేరు వస్తే తవ్వడానికి సిబ్బంది రావాలి. అందుకే దాని మీద గది గానీ మండపం గానీ కట్టం. కంప కొట్టించి, మట్టి చదును చేయించి, పూల మొక్కలు వేసి, రెండు వైపులా గేట్లు పెడతాం. అంతే. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. అధికారులు మూసివేతకు ఒప్పుకున్నంత మాత్రాన ఆ స్థలం గుడిది అయిపోదు. అది ఎవరికి చెందుతుందో ఉత్తర్వులోనే తేలాలి.

దరఖాస్తు రాసే ముందు నెల రోజులు కమిటీ సభ్యులం వంతులవారీగా పొద్దున, సాయంత్రం సందు మొదట్లో కూర్చుని చూశాం. ఒక పెద్దావిడ మాత్రం రోజూ తెల్లవారుజామున చేతికర్రతో ముళ్లు పక్కకి తోసుకుంటూ, గోడ పట్టుకుని గుడికి వస్తున్నారు. పెద్ద రోడ్డు దాటాలంటే భయం నాయనా అన్నారు. ఆ మాట విన్నాక "ఎవరూ వాడటం లేదు" అని రాయడానికి చెయ్యి రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాం. గేటులో మనిషి పట్టేంత చిన్న తలుపు పెట్టి, గుడి తెరిచి ఉన్నంతసేపూ అది తెరిచే ఉంచుతామని కూడా చేర్చాం. ఆవిడ నడిచే మేరకు బండలు పరిపించడం, ఒక దీపం పెట్టించడం ఈ విరాళాల్లోంచే జరగాలి.

మీకు చేతనైనంత ఇవ్వండి. కంప కొట్టడానికి, మట్టి మోయడానికి మనుషులుగా వచ్చినా విరాళమే. ఇచ్చిన ప్రతిదానికీ రసీదు అడిగి తీసుకోండి. జమాఖర్చులు నెలనెలా నోటీసు బోర్డు మీద పెడతాం. అనుమతి రాకపోతే సర్వేకి, నోటీసులకి అయినది పోగా మిగిలిన డబ్బు ఎవరిది వాళ్లకి తిరిగి ఇచ్చేస్తాం. డబ్బు వెనక్కి వద్దన్నవాళ్లుంటే ఆ సొమ్ముతో సందు శుభ్రం చేయించి లైట్లు పెట్టిస్తాం.

మూయడం ఇష్టం లేనివాళ్లు కూడా దయచేసి వచ్చి మాట్లాడండి. ఆ దారిన వచ్చేవాళ్లు ఇంకెవరైనా మా కంట పడకపోయి ఉంటే ఇప్పుడే చెప్పండి. గేట్లకి ఇంకా కొలతలు ఇవ్వలేదు.

ఇట్లు,
ఆలయ కమిటీ