ఫ్యాక్టరీ డాక్టర్‌కి తలకింత లెక్క కాదు, నెల జీతం ఇవ్వాలె

ఎడిటర్ గారికి నమస్తే,

నేను పటాన్‌చెరు దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీల ప్రొడక్షన్‌లో చేస్త. 2025 జూన్ 30న పాశమైలారంల సిగాచి అనే ఫార్మా కంపెనీల పేలుడు జరిగి 50 మందికి పైగా పోయినంక అందరు ఫైర్ సేఫ్టీ గురించి మాట్లాడుతున్నరు, మాట్లాడాల్సిందే. కానీ రోజూ పీల్చే సాల్వెంట్ వాసన, పౌడర్ దుమ్ము వల్ల ఏండ్ల తర్వాత బయటపడే జబ్బుల గురించి ఎవరూ అడుగుతలేరు, అది పట్టుకోవాల్సింది ఫ్యాక్టరీ డాక్టర్, ఆ డాక్టర్‌కి పైసలు ఎట్ల ఇస్తున్నరో చూడండి.

మా దగ్గర ఏడాదికోసారి హెల్త్ చెకప్ అంటే డయాగ్నస్టిక్ సెంటర్ వ్యాన్ వస్తది, తలకింత అని కాంట్రాక్ట్. నైట్ షిఫ్ట్ దిగేటోళ్లని లైన్ల నిలబెడ్తరు, రక్తం తీస్తరు, నోట్లె పైపు పెట్టి ఒక్కసారి ఊదమంటరు, నెక్స్ట్ అంటరు. ఈ ఊపిరితిత్తుల టెస్ట్‌ని స్పైరోమెట్రీ అంటరు, అది సరిగ చేయాల్నంటే కనీసం మూడుసార్లు గట్టిగ ఊదించాలె, రీడింగులు దగ్గరదగ్గర రాకపోతే మళ్లీ ఊదించాలె. వినికిడి టెస్ట్ అయితే బయట కంప్రెసర్ నడుస్తుంటే చేసిన్రు. చివర్ల కూర్చున్న డాక్టర్ తల ఎత్తకుండ ఫిట్ అని సంతకాలు పెడ్తనే ఉంటడు. మా డ్రైయర్ సెక్షన్ల ఒకాయనకి ఒక ప్రొడక్ట్ బ్యాచ్ నడిచినప్పుడల్లా చేతులు మోచేతి దాంక ఎర్రగ దద్దుర్లు వస్తయి, ఆయన కాగితం మీద కూడా ఫిట్, ఏ బ్లాక్‌ల చేస్తున్నవ్ అని ఒక్కమాట అడగలే. ఆ డాక్టర్‌ని తిట్టి లాభం లేదు, తలకింత ఇస్తే ఎవరైనా తలలే లెక్కపెడ్తరు.

ప్రమాదకర పనులున్న ఫ్యాక్టరీల 200 మంది దాటితే ఫుల్‌టైం డాక్టర్ ఉండాలని పాత ఫ్యాక్టరీల చట్టం కింద కేంద్రం తయారుచేసిన మోడల్ రూల్స్‌ల ఉండె, ఫ్యాక్టరీ డాక్టర్ల కోసం ఎంబీబీఎస్ మీద 3 నెలల ఏఎఫ్ఐహెచ్ కోర్సు కూడా ఉంది. మరి జీతమెంత అంటే, నా ఉద్దేశంల సర్కార్ దవాఖాన డాక్టర్ కంటే తక్కువ ఉండొద్దు. 2022 నోటిఫికేషన్‌ల మన దగ్గర సివిల్ అసిస్టెంట్ సర్జన్ స్కేల్ 58,850 నుంచి మొదలు, డీఏ, హెచ్ఆర్ఏ వేరే. కంపెనీ డాక్టర్‌కి కనీసం అంత ఇచ్చి, కోర్సు ఫీజు కట్టి, ఆ 3 నెలలు జీతం కూడా ఇవ్వాలె. మ్యాన్‌పవర్ ఏజెన్సీ ద్వారా కాదు, కంపెనీయే డైరెక్ట్‌గ ఇవ్వాలె, ఎందుకంటే ఒకరిద్దర్ని అన్‌ఫిట్ అని రాస్తే వచ్చే నెల కాంట్రాక్ట్ పోతదనే భయం ఉన్న డాక్టర్ నిజం ఎట్ల రాస్తడు? పాత ఫ్యాక్టరీల చట్టంల ఉన్న, పనివల్ల వచ్చే 29 జబ్బుల లిస్ట్ కొత్త లేబర్ కోడ్‌ల గూడ ఉంది, అవి కనపడితే డాక్టరే చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కి రిపోర్ట్ చేయాలె, అది రాసే ధైర్యం జీతంలనే ఉంటది. రాయకపోతే రేపు మేము ఈఎస్ఐల ఇది పనివల్ల వచ్చిన జబ్బు అని చూపించనీకి పాత రికార్డే ఉండదు.

చిన్న యూనిట్లు అంత పెట్టలేం అంటయి, నిజమే. వాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక డాక్టర్‌ని పెట్టుకోవచ్చు, ఇండస్ట్రియల్ ఎస్టేట్‌ల పన్ను వసూలు చేసే ఐలా (ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ) ద్వారానే కార్మికుల సంఖ్యని బట్టి వాటా తీసుకుంటే ఏ ఓనర్ డాక్టర్‌ని బెదిరించలేడు గూడ.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్స్ వచ్చినయ్, 40 దాటినోళ్లకి ఏటా ఫ్రీ చెకప్ అంటున్నరు. మంచిదే, కానీ అది కూడా ఈ వ్యాన్‌లకే పోతే ఇంకిన్ని ఫిట్ కాగితాలు వస్తయి అంతే. లేబర్ డిపార్ట్‌మెంట్ రూల్స్ రాసేటప్పుడు డాక్టర్ కనీస జీతం, ఒక్కరోజుల ఎంతమందిని చూడొచ్చు అనేది రెండూ అంకెలల్ల రాయాలె, ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గర బోర్డు మీద డాక్టర్ పేరు, వచ్చే టైం, జీతం ఎవరిస్తున్నరు అనేది పెట్టించాలె.

ఇట్లు
ఒక ఫార్మా కార్మికుడు, సంగారెడ్డి జిల్లా