మన బార్ మళ్లీ తెరుస్తున్నాం: లోపలి గదిలోని నాలుగు బల్లల గురించి

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉన్న మన బార్ ఇరవై మూడు రోజులుగా ఎందుకు మూసి ఉందని మీలో చాలామంది అడిగారు. కొందరు ఫోన్ చేశారు, ఇద్దరు పెద్దలు మా ఇంటిదాకా వచ్చారు. షట్టర్ మీద "మరమ్మతులు జరుగుచున్నవి" అని ఒక కాగితం అతికించి ఊరుకోవడం నా తప్పు. మా నాన్న కాలం నుంచి వస్తున్నవారికి ఆ కాగితం ఎంతమాత్రం సరిపోదు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందుగా, వినిపిస్తున్న పుకార్లకు జవాబు. 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త బార్ల విధానంలో లాటరీ తీశారు గనుక మా లైసెన్సు పోయిందని కొందరు అనుకున్నారు. అది పోలేదు. ఏసీ పెట్టి ధరలు పెంచబోతున్నామన్నది కూడా నిజం కాదు.

నిజంగా జరిగింది లోపలి గది మిద్దె కూలడం. అది దూలాలు, దంతెలు పరిచి, పైన బండలు వేసి, మట్టి కప్పిన పాతకాలపు మిద్దె. వరుసగా కురిసిన వానలకు ఆ మట్టి నీరు పీల్చుకొని బరువెక్కింది, చెదలు తిన్న దూలం ఆ బరువును మోయలేక తెల్లవారుజామున విరిగిపడింది. ఆ వేళ లోపల ఎవరూ లేకపోవడం మన అదృష్టం. మూల నుంచి నీళ్లు కారుతున్నాయని మీలో ఇద్దరు అంతకు నెల ముందే హెచ్చరించినా, వానలు తగ్గాక చూద్దామని వాయిదా వేసింది నేనే. ఆ ఇద్దరికీ ఎదురుపడి క్షమాపణ చెప్పాను, ఇక్కడ మరోసారి చెబుతున్నాను.

మిద్దెను మళ్లీ కట్టుకోవచ్చు. అయితే ఆ దూలం కింద లోపలి గదిలోని నాలుగు నాపరాతి బల్లలూ ముక్కలయ్యాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊరిమీదికి వచ్చినప్పుడు, గాంధీ జయంతి సెలవు గనుక మన బార్ తాళం వేసి ఉంది. నీళ్లు తీశాక వచ్చి చూస్తే కుర్చీలు లేవు, బీరువాలు లేవు, మోకాలి లోతు బురద కింద తొమ్మిది బల్లలూ ఉన్నచోటనే ఉన్నాయి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలించేదాకా, మా నాన్న ఆ బల్లల మీదనే భోజనం వడ్డించి మమ్మల్ని సాకాడు. 1954లో, అప్పటి ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఇదే ఊళ్లో, మద్యనిషేధం గొడవ మీదనే ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో ఎలా పడిపోయిందో ఒక పెద్దాయన ఎన్ని సాయంత్రాలు వివరించి ఉంటారో లెక్కలేదు. ఆయన కూర్చునే మూడో బల్ల కూడా పగిలిన నాలుగింటిలో ఒకటి.

గ్రానైట్ వేయించమని మా అబ్బాయి, ఇంజనీరు ఇద్దరూ చెప్పారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. నాపరాయి సున్నపురాయి జాతిది కనుక నిమ్మరసం పడిన చోటల్లా మెరుపు పోయి తెల్లటి మచ్చ నిలిచిపోతుంది, గ్రానైట్‌కు ఆ బాధ లేదు. పైగా నాలుగు ఒక రకం, ఐదు ఒక రకం ఉంటే బాగుండదు గనుక ముందు గదిలోని ఐదింటినీ తీసేసి, తొమ్మిదీ ఒకేలా చేయించమన్నారు. మూడు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. ఒకసారి సరేనని చెప్పి, తెల్లవారి మళ్లీ వద్దన్నాను. నలభై ఏళ్ల మచ్చలున్న బండను బాగాలేదని బయట పారేయడానికి నాకు చేతులు రాలేదు. ఇది మొండితనమని ఇంట్లో అన్నారు, కావచ్చు.

నాపరాయే వేద్దామని తేల్చుకున్నాక, ఇరవై ఏళ్లుగా మా కుటుంబంలో అందరి ఇళ్లకూ బండలు ఇచ్చిన వ్యాపారికి సగం సొమ్ము ముందే చెల్లించి, రెండంగుళాల మందం గల బండలు నాలుగు కావాలని చెప్పాను. ఎనిమిది రోజుల్లో ఇస్తానన్న సరుకు పదిహేనో రోజు రాత్రి పొద్దుపోయాక దిగింది. ఉదయం చూస్తే ఏ బండకూ అంగుళం మందం కూడా లేదు. రెండింటిలో సన్నటి పగుళ్లను మైనంతో పూడ్చి, నలుపు కనిపించడానికి పైన నూనె పట్టించారు. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే గుడ్డంతా నల్లబడింది. ఫోన్ చేసి అడిగితే ఆయన అన్న మాట ఇది: "బార్ బల్లకు ఇంత పట్టింపు ఎందుకు? తాగేవాళ్లకు ఏం తెలుస్తుంది?"

ఆ మాటను నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను. బండను వేలితో మీటి దాని గుణం చెప్పగల మేస్త్రీలు, రోజంతా మూటలు మోసి బరువంటే ఏమిటో తెలిసిన హమాలీలు, కాగితంలో ఒక్క అక్షరం తేడా ఉన్నా పట్టుకునే కోర్టు గుమాస్తాలు ప్రతి సాయంత్రం కూర్చునే చోటు ఇది. ఆ బండలను నా ఖర్చుతోనే లారీ ఎక్కించి వెనక్కి పంపాను. ఇచ్చిన సొమ్ము తిరిగి రాలేదు, దానికోసం ఇక తిరగదలచుకోలేదు. ఆ గడప మాత్రం మళ్లీ తొక్కను.

తరువాత మన మేస్త్రీలలో ఒకాయన్నే వెంటబెట్టుకొని, నాపరాళ్ల గనులున్న బేతంచెర్లకు వెళ్లాను. అక్కడ ఒక్కొక్క బండనూ ఆయన పిడికిలి కణుపుతో తట్టి చూశారు. ఖంగుమన్నది పక్కన పెట్టించారు, బోలుగా పలికినది వదిలేయించారు. మధ్యాహ్నం దాకా తడితే నాలుగు దొరికాయి. అవి రెండంగుళాల మందానికి తక్కువ లేవు. అయితే రంగు మన పాతవాటంత నల్లగా లేదు, బూడిద రంగులో ఉన్నాయి. నూనె పట్టించి నలుపు చేయవద్దని నేనే చెప్పాను. కాబట్టి లోపలి గదిలో బల్లలు ముందు గదివాటితో కలవవు, ఆ తేడాను మీరు సహించవలసి ఉంటుంది.

వచ్చే గురువారం ఉదయం పదకొండు గంటలకు ముందు గది తెరుస్తాం. లోపలి గదికి కాంక్రీటు పైకప్పు వేయించాం. దాని కింది ఆధారాలు తీయడానికి ఇంకా పది రోజుల గడువు ఉన్నందున, అప్పటిదాకా ఐదు బల్లలతోనే సర్దుకోవాలి. సాయంత్రం రద్దీ వేళ కొంతసేపు వేచి ఉండవలసి రావచ్చు. మూసిన రోజులకు పనివాళ్లందరికీ పూర్తి జీతం ఇచ్చాను, పాతవాళ్లే ఉంటారు. ధరలు మారలేదు. ఖాతా పుస్తకం మా ఇంట్లోనే భద్రంగా ఉంది.

కొత్త బండల మీద నిమ్మకాయ పిండడానికి ఎవరూ సంకోచించవద్దు. మచ్చ పడిందని బల్ల తుడిచే పిల్లలను నేను ఏమీ అనను, మీరూ అనవద్దని కోరుతున్నాను. మూడో బల్ల దగ్గర పెద్దాయన కుర్చీని కిటికీ వైపే వేయిస్తాను.